పనౌతీ ఎవరు? 17 దెబ్బల లెక్క

పోయిన వేసవిలో ఓ ఆదివారం మధ్యాహ్నం పక్కింటి పాప మా ఇంటి కంప్యూటర్ ముందు కూర్చుని ఏడ్చింది. ఏడుపంటే వెక్కి వెక్కి కాదు. కళ్లు తెర మీదే ఉన్నాయి, చేతులు మీటల మీదే ఉన్నాయి, నీళ్లు మాత్రం చెంపల మీదికి జారుతున్నాయి. ఏమైందమ్మా అంటే "కుఛ్ నహీ, బబా" అంది. (ఛత్తీస్‌గఢీలో బబా అంటే తాత.) కళ్లజోడు సవరించుకుని తెర చూశాను. అడుగున, ఆడేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోట, ఎర్ర అక్షరాల్లో ఓ వరుస మెరుస్తోంది. ఆ పాప ఆటపేరు, పక్కన ఒకే ఒక్క మాట: పనౌతీ.

హిందీ రాష్ట్రాల్లో బతికినవాళ్లకి ఈ మాట వివరించక్కర్లేదు. మిగిలినవాళ్ల కోసం చెబుతాను. మనం 'శనిపాదం' అంటామే, అదన్నమాట. ఫలానా మనిషి వచ్చి కూర్చుంటే వికెట్ పడుతుంది, ఫలానా మనిషి ఎదురొస్తే పని చెడుతుంది... అలా అనిపించుకునే మనిషి పనౌతీ. ఆ పాపకి పన్నెండేళ్లు.

ఇది బాబాల గురించో స్వామీజీల గురించో రాస్తున్న వ్యాసం కాదు. పిల్లల ఆటలో ఒక చాట్ కమాండ్ మార్చమని నేను చేసిన సూచన గురించి. నవ్వకండి. ఎన్నో ఏళ్లుగా హేతువాద సంఘం సభల్లో మైకు పట్టుకుంటున్న నేను, ఈ చిన్న సూచన రాయబోయి నా హేతువాదంలో ఉన్న ఒక పెద్ద కన్నం చూసుకున్నాను. అది చెప్పుకోవడానికే ఇదంతా.

ముందు మా సంగతి కొంచెం. మా నాన్న బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగం కోసం బిలాస్‌పూర్ వచ్చారు. ఆ రైల్వే 1944లో ప్రభుత్వం చేతికి వచ్చింది, 1955లో సౌత్ ఈస్టర్న్ అయింది, 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా సౌత్ ఈస్ట్ సెంట్రల్ అయింది. బోర్డులు మారాయి, మేం మాత్రం ఆ కాలనీల్లోనే ఉండిపోయాం. నేనూ అదే రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి 2017లో రిటైరయ్యాను. తర్వాత బిలాస్‌పూర్‌కి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న రతన్‌పూర్‌లో చిన్న ఇల్లు వేసుకున్నాను. కలచురి రాజుల పాత రాజధాని, చెరువుల ఊరు, మహామాయ గుడి ఉన్న ఊరు. నవరాత్రుల్లో బిలాస్‌పూర్ నుంచి జనం ఇక్కడికి కాలినడకన వస్తారు. "హేతువాదికి ఆ ఊళ్లో ఏం పనయ్యా" అని మిత్రులు వేళాకోళం చేస్తుంటారు. చవగ్గా స్థలం దొరికింది, అంతే పని!

మా మనవడు బిలాస్‌పూర్‌లో తొమ్మిదో తరగతి. సెలవులొస్తే నా దగ్గర ఉంటాడు. మా అన్నయ్య మనవడు విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు మైన్‌క్రాఫ్ట్ అనే ఆటకి ఒక సర్వర్ నడుపుతున్నాడు. బిలాస్‌పూర్, రాయ్‌పూర్, ఖరగ్‌పూర్, విశాఖల్లో ఉన్న మా చుట్టాల పిల్లలూ, వాళ్ల స్నేహితులూ కలిసి 14 మంది ఆడతారు. మా పక్కింట్లో ఇంటర్నెట్ లేదు కాబట్టి ఆ పాప మా ఇంటికొచ్చి ఆడుతుంది. మొత్తం పద్నాలుగు మందిలో తెలుగు రానిది ఆమెకొక్కతెకే.

ఇక ఆట. చిన్న చిన్న ఘనాలతో కట్టిన లోకం. అందులో నెదర్ అనే నిప్పులలోకం ఒకటి. అక్కడి కోటల్లో బ్లేజ్ అనే మంటల జీవి ఉంటుంది. దాన్ని చంపితే ఒక్కోసారి ఒక బంగారు రంగు కడ్డీ పడుతుంది, ఒక్కోసారి పడదు. ఆ కడ్డీలు పోగుచెయ్యకపోతే చివరి డ్రాగన్ దాకా వెళ్లడమే కుదరదు. కాబట్టి కడ్డీ పడటం పెద్ద విషయం. ఎప్పుడు పడుతుంది? ఇందులో రహస్యమేమీ లేదు. లూటింగ్ అనే ప్రత్యేక గుణం లేని మామూలు కత్తితో కొడితే, పడే అవకాశం సరిగ్గా సగం. బొమ్మా బొరుసే. ఎవరు కొట్టారు, పక్కన ఎవరున్నారు, కొట్టినవాడు పొద్దున్నే స్నానం చేశాడా లేదా అన్నది ఆటకి తెలియదు, అక్కర్లేదు.

పిల్లలకి మాత్రం అక్కర. పాప కొత్తగా చేరిన వారంలో నాలుగైదు సార్లు వరసగా కడ్డీ పడలేదట. ఎవడో సరదాగా పనౌతీ అన్నాడు. ఇంకెవడో నవ్వాడు. మా ఇంజనీరు ఆ సరదాని ఒక చాట్ కమాండ్‌గా తయారుచేసి పెట్టాడు. ఏటవాలు గీత పెట్టి, పనౌతీ అని కొట్టి, పక్కన పేరు రాస్తే చాలు. ఆ పేరు ఎర్ర అక్షరాల్లో అందరికీ కనబడుతుంది. పది నిమిషాల్లో ముగ్గురు అదే పేరు కొడితే ఆ మనిషి ఎక్కడున్నా ఆట మొదలయ్యే చోటికి వెళ్లి పడుతుంది, గంటసేపు నెదర్‌లోకి రావడానికి వీల్లేదు. ఇది అందరి మీదా వాడొచ్చు. కానీ వారం తిరిగేసరికి ఒక్కరి మీదే వాడటం మొదలైంది. ఆ ఒక్కరూ ఎవరో మీకు తెలుసు.

నేనేం చేశానంటారా? మనందరం చేసేదే. ఉపన్యాసం! మా మనవణ్ణి కూర్చోబెట్టి కార్యకారణ సంబంధం గురించి అరగంట చెప్పాను. వాడు ఓపిగ్గా విన్నాడు. విని, "తాతా, నువ్వు చెప్పింది కరెక్టే. కానీ మేం కళ్లతో చూశాం కదా!" అన్నాడు. 

ఈ ఒక్క వాక్యం దగ్గర మన ఉపన్యాసాలన్నీ ఎప్పుడూ ఆగిపోతాయి. 'చూశాం కదా' అనేవాడికి 'చూడలేదు' అని జవాబివ్వకూడదు. చూశాడు మరి. పడని కడ్డీలు చూశాడు. ఆమె ఉన్నప్పుడు పడ్డవి గుర్తులేవు, ఆమె లేనప్పుడు పడనివీ గుర్తులేవు. అబద్ధమాడటం లేదు, లెక్క రాసుకోలేదు, అంతే. నేను గార్డుగా ఉన్నన్నాళ్లూ నా దగ్గర రఫ్ జర్నల్ అనే పుస్తకం ఉండేది. బండి ఏ స్టేషన్‌కి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది, ఎక్కడ ఎందుకు ఆగింది, అన్నీ అప్పటికప్పుడు రాయాలి. బండి ఆలస్యమైతే ప్రతి వాడికీ ఒక జ్ఞాపకం ఉంటుంది, ఆ జ్ఞాపకం ఎప్పుడూ ఎదుటివాడి తప్పునే గుర్తుపెట్టుకుంటుంది. జర్నల్‌కి అలాంటి పక్షపాతం లేదు.

అందుకని మా ఇంజనీరుకి ఓ ఉత్తరం రాశాను. సారాంశం ఇది: "నాయనా, నీ కమాండ్ తీసెయ్యమని అనను. కానీ పేరు పెట్టే ముందు లెక్క చూపించు. ఎవరు ఎన్ని బ్లేజ్‌లు కొట్టారు, ఎన్నిటికి కడ్డీ పడింది. పనౌతీ అని ఎవరైనా కొట్టగానే ఆ మనిషి లెక్క కూడా అదే వరుసలో అందరికీ కనబడాలి. ఆరోపణ పక్కన ఆధారం ఉండాలి."

వాడు ఫోన్ చేసి "చిన్నతాతా, ఇది సరదాకి పెట్టిన కమాండ్. దీనికి ఇంత అవసరమా?" అన్నాడు. "ఏడ్చేవాళ్లు లేని సరదా అయితే అవసరం లేదు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒప్పుకున్నాడు.

అందులో చిన్న తిరకాసు కూడా వచ్చింది. ఎవరు ఎన్ని జీవుల్ని చంపారన్న గణాంకం మైన్‌క్రాఫ్ట్ తనంతట తానే దాచుకుంటుంది. ఎవరు ఏ వస్తువు ఎన్నిసార్లు ఏరుకున్నారన్నదీ దాచుకుంటుంది. అంటే లెక్క మొదటినుంచీ యంత్రం కడుపులోనే ఉంది, అడిగినవాడే లేడు! కానీ ఏరుకున్న కడ్డీలు లెక్కేస్తే తప్పు. ఒకరు కొట్టగా పడ్డ కడ్డీని పక్కవాడు ఎగరేసుకుపోతాడు. చిన్న పిల్ల, కొత్త పిల్ల, కొట్టేది ఆమె, ఏరుకునేది వేరొకరు. లెక్కలో ఆమెకు సున్నా, వాడికి రెండు. ఇలాంటి లెక్క పెడితే అన్యాయానికి అంకెల ముద్ర వేసినట్టే. అందుకని జీవి చచ్చిన క్షణంలో ఏం పడిందో, దెబ్బ ఎవరిదో అది రాసేలా మావాడు ప్లగిన్ మార్చాడు. అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను. విజయగర్వంతో పొడి దగ్గు కూడా దగ్గాను.

వారం తర్వాత లెక్క వచ్చింది. పాప కొట్టినవి 17. పడ్డ కడ్డీలు 5.

మా మనవడు నా మొహం వైపు చూశాడు. "ఇప్పుడేమంటావు తాతా? నువ్వే కదా ఆధారం అడిగావు!" ఆ సాయంత్రం చాట్‌లో ఆ ఎర్ర వరుస ఇంకా పెద్దదైంది. ఇప్పుడు దాని పక్కన నేను పెట్టించిన అంకెలు కూడా ఉన్నాయి: 17లో 5. పాప ఆ రోజు తొందరగా ఇంటికి వెళ్లిపోయింది. ఆమె మీద అంతకుముందు ఉన్నది ఒట్టి నింద. నా ధర్మమా అని ఇప్పుడది రుజువైన నిందగా మారింది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. కాగితం తీసుకుని కూర్చున్నాను. నాణెం 17 సార్లు ఎగరేస్తే బొమ్మ 5 సార్లు గానీ అంతకంటే తక్కువగానీ పడే అవకాశమెంత? దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. పాస్కల్ త్రిభుజమని బడిలో చెబుతారే, మన ఛందశ్శాస్త్రం వాళ్లు మేరుప్రస్తారమని అన్నది అదే. అందులో 17కి సంబంధించిన వరస రాసుకుంటే మొదటి ఆరు అంకెలు 1, 17, 136, 680, 2380, 6188. కూడితే 9402. మొత్తం రకాలు రెండుని 17 సార్లు గుణిస్తే వచ్చేన్ని, అంటే 1,31,072. భాగిస్తే నూటికి సుమారు 7.

నూటికి ఏడంటే తక్కువే. "చూశావా, మామూలుగా జరిగేది కాదు" అని ఎవరైనా అనొచ్చు. నేనూ మొదట అలాగే అనుకుని దిగాలుపడ్డాను. తెల్లవారుజామున గాని అసలు ప్రశ్న తట్టలేదు. నేను తప్పు ప్రశ్న అడిగాను! 'ఈ పాపకి ఇంత తక్కువ పడే అవకాశమెంత' అన్నది కాదు అడగాల్సింది. ఆడేది 14 మంది. 'ఆ పద్నాలుగు మందిలో ఎవరో ఒకరికి ఇంత తక్కువ పడే అవకాశమెంత?' అన్నది ప్రశ్న. అందరూ తలా 17 కొట్టారనుకుందాం. ఒకరు తప్పించుకునే అవకాశం 0.93. పద్నాలుగు మందీ తప్పించుకోవాలంటే 0.93ని అలా 14 సార్లు గుణించాలి. 0.36 వస్తుంది. అంటే కనీసం ఒకరు ఇరుక్కునే అవకాశం నూటికి 64.

మళ్లీ చదవండి. ఎవరి మీదా ఏ శనీ లేని ఆటలో, ఒట్టి నాణేల ఆటలో, ప్రతి మూడు వారాల్లో దాదాపు రెండు వారాలు ఎవరో ఒకరు 'పనౌతీ'గా తేలతారు. తేలడం ఖాయం, ఎవరన్నదే లాటరీ. ఇంకో వింత కూడా ఉంది. 17లో 12 గానీ అంతకంటే ఎక్కువగానీ పడే అవకాశం కూడా సరిగ్గా అంతే, నూటికి ఏడే. ఆ వారం ఖరగ్‌పూర్ కుర్రాడొకడికి నిజంగానే 17లో 12 పడ్డాయి. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు.

అంకెలు పిల్లలకి చెబితే ఎక్కవని నాకు తెలుసు (పెద్దలకీ ఎక్కవు). అందుకని మర్నాడు మా మనవణ్ణీ పాపనీ కూర్చోబెట్టి 14 చీటీలు ఇచ్చాను. ఒక్కో చీటీ మీద ఒక్కో స్టేషన్ పేరు రాయించాను. నేను వేలసార్లు జెండా ఊపిన దారి అది: బిలాస్‌పూర్, గతౌరా, జయరామ్‌నగర్, కోట్మీ సోనార్, అకల్తరా, కాపన్, నైలా, చాంపా, సారాగావ్, బారాద్వార్, జేఠా, సక్తి, ఖర్సియా, రాయగఢ్. ఒక్కో స్టేషన్ పేరు మీద రూపాయి బిళ్ల 17 సార్లు ఎగరెయ్యాలి. మొత్తం 238 సార్లు. గంటన్నర పట్టింది. నడుమ టీ, మిక్చరు. 

చాంపాకి 17లో 5 బొమ్మలు పడ్డాయి. అకల్తరాకి 12.

మా మనవడు చీటీల కేసి చూస్తూ ఉండిపోయాడు. పాపే ముందు నవ్వింది. "బబా, చాంపా పనౌతీ హై!" 

అప్పుడు రాశాను రెండో సూచన. ఈసారి జాగ్రత్తగా రాశాను. "నాయనా, నా మొదటి సూచన తప్పు. ఒక్క మనిషి లెక్క విడదీసి చూపిస్తే అది బోనులో నిలబెట్టడమే. ఇలా చెయ్యి. ఎవరైనా లెక్క అడిగితే పద్నాలుగు మంది లెక్కా ఒకేసారి రావాలి. దాని పక్కనే పద్నాలుగు స్టేషన్ల లెక్క కూడా రావాలి. మనవాళ్లు ఎన్ని కొట్టారో స్టేషన్ల పేరు మీద కంప్యూటర్ అన్నిసార్లు నాణెం ఎగరెయ్యాలి. మనుషుల పేర్లు, స్టేషన్ల పేర్లు దాచేసి రెండు జాబితాలూ కలిపేస్తే, ఇందులో పనౌతీ ఎవరో చెప్పగలిగినవాడికి నేను నా పెన్షన్ రాసిస్తాను."

మావాడికి ఇది నచ్చింది. ఒక్క సాయంత్రంలో రాసేశాడు. కమాండ్ పేరు కూడా మార్చి 'లెక్క' అని పెట్టాడు.

ఆటలో యాదృచ్ఛికాన్ని అందరి కళ్లముందూ పెట్టడం కొత్తేమీ కాదని తర్వాత వాడే చెప్పాడు. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో రోల్ అనే చాట్ కమాండ్ ఉంది. దొరికిన సొమ్ము ఎవరికన్న తగువు వచ్చినప్పుడు అందరూ అది కొడతారు. 1 నుంచి 100 లోపు ఎవరికి ఏ అంకె పడిందో గుంపంతటికీ కనబడుతుంది. చాటుగా వేసిన పాచికని ఎవరూ నమ్మరు, నడిబజార్లో వేస్తే తగువుండదు. శకుని ఉన్న దేశంవాళ్లకి ఇది వేరే చెప్పాలా!

మరి లెక్క ఎప్పుడూ 'అంతా యాదృచ్ఛికమే' అని తేలుస్తుందా? అలా అయితే అదీ ఒక మూఢనమ్మకమే అవుతుంది. తేల్చదు. ఇదే మైన్‌క్రాఫ్ట్‌లో 2020లో జరిగింది చూడండి. ఆటని అతి వేగంగా ముగించే పోటీల్లో డ్రీమ్ అనే పేరున్న ప్రసిద్ధ ఆటగాడు కొన్ని ఆటలు ప్రత్యక్ష ప్రసారంలో ఆడాడు. అందులో 305 బ్లేజ్‌లకి 211 కడ్డీలు పడ్డాయి. సగమైతే 152 దాకా రావాలి. ఇంకో వస్తువు విషయంలోనూ అదృష్టం అలాగే పొంగిపొర్లింది. పోటీ నిర్వాహకులు కూర్చుని లెక్క కట్టారు. నాకు ముచ్చటేసింది ఎక్కడంటే, 'ఇంతమంది ఆటగాళ్లలో, ఇన్ని ఆటల్లో మనం ఇతని మీదే ఎందుకు పడ్డాం' అన్న అనుమానాన్ని కూడా లెక్కలో కలిపి అతనికి అనుకూలంగా సడలింపు ఇచ్చారు. అంత ఇచ్చినా అవకాశం ఏడున్నర లక్షల కోట్లలో ఒకటి అని తేలింది. ముందు కాదన్న డ్రీమ్ 2021లో, తన ఆటలో అవకాశాలు మార్చే సాఫ్ట్‌వేర్ ఉందని, అది తనకి తెలియకుండా జరిగిందని ఒప్పుకున్నాడు. 17లో 5కీ 305లో 211కీ ఉన్న తేడా అది. ఒకటి గాలివాటు, ఇంకొకటి ఆధారం. ఆ తేడా చెప్పలేని లెక్క లెక్కే కాదు.

ఇక్కడితో ముగిస్తే చక్కగా ఉండేది. కానీ ఈ పనౌతీ వ్యవహారాన్ని నేను ఒట్టి ఆటగా చూడలేకపోవడానికి కారణం నేనున్న చోటు.

మా ఛత్తీస్‌గఢ్‌లో పనౌతీకి ఓ పెద్దక్క ఉంది. పేరు టోనహీ. మనవైపు చేతబడి, బాణామతి చేస్తుందని ఎవరిమీద వేలు చూపిస్తారో ఇక్కడ ఆమెని టోనహీ అంటారు. ఊళ్లో పిల్లలకి జ్వరాలొస్తాయి, గొడ్లు చస్తాయి, పంట ఎండుతుంది. ఎవరో ఒకరు కారణం కావాలి. దొరికేది ఎక్కువగా ఒంటరి ఆడది, ముసలిది, భర్త పోయినది. కొట్టడం, ఊరేగించడం, వెళ్లగొట్టడం, చంపడం కూడా. మన జాతీయ నేర రికార్డుల విభాగం ఏటా వేసే నివేదికలో హత్యలకి కారణాల పట్టికలో మంత్రవిద్యకి విడిగా ఒక గడి ఉంది. ఆ గడి ఉండటమే ఒక సిగ్గు. రాయ్‌పూర్‌లో దినేశ్ మిశ్రా అనే కంటి డాక్టరుగారు ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి దీనికి వ్యతిరేకంగా పనిచేస్తున్నారు.

దీని మీద 2005లో రాష్ట్రం ఓ చట్టం చేసింది. టోనహీ ప్రతాడన నివారణ చట్టం. దాన్ని నేను మా సభల్లో ఎన్నోసార్లు ప్రస్తావించాను, కానీ ఈ ఆట గొడవ తర్వాతే దాన్ని సరిగ్గా చదివాననిపించింది. అందులో ఒక మనిషిని టోనహీ అని గుర్తించడమే నేరం, దానికి మూడేళ్ల దాకా శిక్ష. ఆ పేరు మీద హింసిస్తే ఐదేళ్ల దాకా. అంటే కొట్టడం దాకా పోనక్కర్లేదు, పేరు పెట్టడంతోనే నేరం మొదలవుతుంది. 'ఆధారం చూపించి టోనహీ అని పిలువు' అనదు చట్టం. పిలవనే వద్దంటుంది. 

నా మొదటి సూచన ఏమిటి? ఆధారం చూపించి పనౌతీ అని పిలవమన్నాను! నాకు అన్నీ తెలుసనుకునే నేను, మా రాష్ట్ర చట్టంపాటి ఇంగితం చూపించలేకపోయాను. పన్నెండేళ్ల పిల్లని 'నువ్వు శనివి కావని అంకెలతో నిరూపించుకో' అన్నాను. నాణెం కొంచెం వంకరగా పడేసరికి ఆమె ఓడిపోయింది.

ఊరి లెక్క కూడా ఆట లెక్కే. ఊళ్లో నాలుగువందల ఇళ్లుంటే, ఏ జ్వరాల సీజన్‌లోనైనా ఎవరో ఒక ముసలమ్మ మూడు ఇళ్లకి వెళ్లిన తర్వాతే ఆ మూడు ఇళ్లలో జ్వరం వచ్చి తీరుతుంది. ఆమె వెళ్లిన మిగతా ఇరవై ఇళ్లు ఎవరూ రాసుకోరు. ఆమె వెళ్లకుండానే జ్వరం వచ్చిన ఇళ్లూ రాసుకోరు. వెతికితే ఎప్పుడూ ఒకరు దొరుకుతారు. దొరకడమే రుజువు అనుకుంటారు. వెతకడమే తప్పు.

ఇక చివరిది. ఇది ఎక్కడా చెప్పుకోలేదు.

మా మేనత్త చిన్నతనంలోనే భర్త పోయి మాతోనే, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేది. నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఆమెది. 1977లో నేను ఓ ఉద్యోగ పరీక్షకి బయల్దేరుతుంటే గుమ్మంలో ఎదురొచ్చింది. పరీక్ష పోయింది. ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అందరూ అనుకున్నారు. మరుసటి ఏడు రైల్వే పరీక్ష. మళ్లీ ఎదురొచ్చింది, చేతిలో నీళ్ల బిందెతో. మా అమ్మ నన్ను వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, రెండు గుక్కల నీళ్లు తాగి వెళ్లమంది. అప్పటికే నేను హేతువాద పుస్తకాలు చదివేవాణ్ణి. స్నేహితుల దగ్గర దేవుణ్ణి ఉతికి ఆరేసేవాణ్ణి. అయినా వెనక్కి వచ్చాను. కూర్చున్నాను. తాగాను. మా అత్త బిందె పట్టుకుని అలాగే నిలబడి చూసింది.

ఆ పరీక్ష పాసయ్యాను. ఆ ఉద్యోగమే రిటైరయ్యేదాకా నాకు తిండి పెట్టింది. పోయిన పరీక్ష ఆమె ఖాతాలో పడింది. పాసైన పరీక్ష ఎవరి ఖాతాలో పడింది? ఆ రెండు గుక్కల నీళ్ల ఖాతాలో! ఆ తర్వాత ఆమె పొద్దున్నపూట కిటికీలోంచి తొంగిచూసి, అందరూ వెళ్లిపోయాక గాని గుమ్మం దాటేది కాదు. 1994లో పోయింది. నేను క్షమించమని అడగలేదు. అడగాల్సిన విషయం జరిగిందని కూడా చాలా ఏళ్లు నాకు అనిపించలేదు. ఎవరూ ఆమెని తిట్టలేదు కదా, కొట్టలేదు కదా అనుకున్నాను. పాప "కుఛ్ నహీ, బబా" అన్నప్పుడు నాకు వినబడింది ఆ కిటికీ గడియ చప్పుడు.

ఆటలో ఏమైందో చెప్పి ముగిస్తాను. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టాక నవ్వులే నవ్వులు. వారం వారం ఏ స్టేషన్ పనౌతీ అయిందో చూడటం వాళ్లకి ఓ వేడుకైంది. నెల తిరిగేసరికి పాప లెక్క 83లో 41. అప్పుడు ఇంకో ముచ్చట జరిగింది. ఓ వారం ఆమెకి వరసగా ఆరు కడ్డీలు పడ్డాయి. వెంటనే ఇద్దరు కుర్రాళ్లు "ఈమె లక్కీ, మా జట్టులోకి రావాలి" అని తగువు పడ్డారు. మా మనవడు గెలిచినట్టు నా వైపు చూశాడు. "చూశావా తాతా, ఇప్పుడు అందరికీ ఆమె కావాలి!" నాకు సంతోషం వెయ్యలేదు. ఇవాళ లక్ష్మీదేవి అన్న నోరే రేపు దరిద్రదేవత అంటుంది. రెండూ ఒకే బిళ్ల, బొమ్మా బొరుసూ.

అందుకని మూడో సూచన కూడా పంపాను. ఒక్క వాక్యమే. "లెక్కలో ఎవరి పేరూ ఎర్రగానూ వద్దు, పచ్చగానూ వద్దు." పనౌతీ కమాండ్‌ని మావాడు పూర్తిగా తీసేశాడు. ఇప్పుడు ఎవరైనా పాత అలవాటుకొద్దీ అది కొడితే, కంప్యూటర్ ఆ 14 స్టేషన్లలో ఏదో ఒకదాని పేరు తెల్లటి అక్షరాల్లో చూపిస్తుంది.

మొన్న ఆదివారం పాప వచ్చింది. నెదర్‌లో అయిదు బ్లేజ్‌లు కొడితే ఒక్క కడ్డీ పడింది. నా వైపు తిరిగి, "ఆజ్ రాయగఢ్ కీ గల్తీ హై, బబా" అని మళ్లీ ఆటలో పడిపోయింది.